ఎండాకాలంలో ద్రాక్షతీగ పని: శామీర్‌పేట దగ్గర మా తెల్లద్రాక్ష తోట నుంచి

మార్చి చివరికల్లా మా తోటలో ఆఖరి గుత్తి దిగిపోతుంది. ట్రేలు కడిగి ఆరబెట్టి, లెక్కలు చూసుకున్నాక చాలామంది ఇక తోట ముఖం చూడరు. కాయ లేదు, ఎండ మండిపోతోంది, మళ్లీ దసరాకు కత్తిరింపులప్పుడు చూద్దాంలే అనుకుంటారు. ఇంటి ముందు ఒక్క తీగ పెంచుకునేవాళ్లూ అంతే. చలికాలం వచ్చాక "ఆకైతే డాబా అంతా కమ్మేసింది వదినా, కాయ మాత్రం ఒక్కటీ పట్టలేదు" అంటూ నా దగ్గరికి వస్తారు. నేను అడిగే మొదటి మాట ఒకటే: ఏప్రిల్‌లో కత్తెర పెట్టారా?

వచ్చే ఫిబ్రవరిలో కోయబోయే పంట ఈ మే, జూన్ నెలల్లోనే ఖాయమైపోతుంది. కాయ కంటికి కనిపించేది చలికాలంలోనే. కానీ అక్కడ గుత్తి వస్తుందా రాదా అన్నది ఈ ఎండల్లోనే, ఆకు మొదట్లో ఉండే మొగ్గ లోపల, అంటే మేం కన్ను అనేదాని లోపల, తేలిపోతుంది. అందుకే ఏడాది మొత్తంలో నేను తోటలో ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఈ మూడు నెలలూ.

మా మామయ్య రాతి కడీలు పాతి, జీఐ ఇనుప వైరు లాగి వేసిన పాత పందిరి మీద అనాబ్-ఎ-షాహీ ఉంది. హైదరాబాద్ ద్రాక్ష అంటే ఒకప్పుడు అందరికీ గుర్తొచ్చింది ఈ రకమే. పొడుగాటి పెద్ద కాయ, పల్చటి తోలు, లోపల గింజ. దాని పక్కన మా అబ్బాయి పట్టుబట్టి పెట్టించిన చెనిన్ బ్లాంక్ నాలుగు వరుసలున్నాయి, అది వైట్ వైన్ చేసే రకం. అల్వాల్‌లో మా ఇంటి గేటు పక్కన ఇంకో అనాబ్ తీగ డాబా మీదికి పాకింది. మూడు చోట్లా ఎండాకాలపు పని ఒకటే కాబట్టి, తోట ఉన్నవాళ్లకూ ఒక్క తీగ ఉన్నవాళ్లకూ కలిపే చెప్తున్నాను.

మామయ్య కాలంలో కీసర, మేడ్చల్, శంషాబాద్, హయత్‌నగర్ వైపు ఎటు వెళ్లినా పందిళ్లే కనిపించేవి. బోర్లు అడుగంటాయి, అదను తప్పిన వానలకు బూజు తెగులు ఎక్కువైంది, భూమి ధర పెరిగింది. తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. ఇప్పుడు మా చుట్టుపక్కల కత్తెర పట్టడం తెలిసిన పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. వాళ్ల దగ్గరా, మామయ్య దగ్గరా నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

ఇక్కడ రెండు కత్తిరింపులు ఎందుకు

చెనిన్ బ్లాంక్ ఫ్రాన్స్‌లోని లువార్ నది లోయ నుంచి వచ్చిన రకం. అక్కడ చలికాలంలో మంచు పడుతుంది, తీగ ఆకంతా రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగా ఒకసారి కత్తిరిస్తారు, వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కోత. ఏడాదికి ఒకే కత్తిరింపు, ఒకే పంట.

మన దగ్గర తీగకు ఆ నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడవునా ఆకు వేస్తూనే ఉంటుంది, ఎప్పుడు పూయాలో దానికే తెలియదు. అందుకని మనమే దానికి కాలాన్ని ఏర్పాటు చేయాలి. ఏప్రిల్‌లో ఒకసారి గట్టిగా కత్తిరిస్తాం, అది కొత్త తీగలు తయారవ్వడానికి. ఆ తీగలు ఎండాకాలంలో, వానాకాలంలో పెరిగి ముదిరాక, అక్టోబర్‌లో రెండోసారి తేలిగ్గా కత్తిరిస్తాం, అది కాయ కోసం. పంట ఫిబ్రవరి, మార్చిల్లో. ఏప్రిల్ పని వదిలేసి అక్టోబర్ పని ఒక్కటే చేసేవాళ్లకు తీగ ఉంటుంది గానీ, దాని కన్నుల్లో గుత్తి ఉండదు.

దీన్ని మీ తీగ మీదే చూడొచ్చు. ఒక కొత్త తీగ పట్టుకుని కణుపు దగ్గర చూడండి. ఒకవైపు ఆకు, సరిగ్గా దానికి ఎదురుగా రెండోవైపు నులితీగ ఉంటుంది. గుత్తి వచ్చేదీ అదే చోట, ఆకుకు ఎదురుగానే. రెండింటి పుట్టుకా ఒకటే. ఆకు మొదట్లో ఉన్న కన్ను లోపల, ఆవగింజ కంటే చిన్న మొలక ఒకటి తయారవుతుంది. ఎండ బాగా తగిలి, ఆకు చేసిన తిండి నిండుగా అందితే అది గుత్తి అయ్యే దారి పడుతుంది. నీడలో ఉండి, నీళ్లూ నత్రజనీ ఎక్కువై తీగ పొడుగు సాగుతూనే ఉంటే నులితీగ అయిపోతుంది. డిసెంబర్‌లో మా పందిరి కింద వెతికితే అటూ ఇటూ కాకుండా ఆగిపోయినవి దొరుకుతాయి: ఒక పాయ నులితీగలా చుట్టుకుని ఉంటుంది, రెండో పాయకు మూడో నాలుగో కాయలు వేలాడుతుంటాయి. ఆ నిర్ణయం జరిగింది ఎండాకాలంలో, కత్తిరించిన నెలన్నర, రెండు నెలల మధ్య. ఈ వ్యాసంలో నేను చెప్పే ప్రతి పనీ ఆ రోజుల్లో కన్నుకు ఎండ అందడానికీ, తీగ నిదానించడానికీ చేసేదే.

కోత అయ్యాక, కత్తెరకు ముందు

కాయ కోసిన వెంటనే కత్తిరించకండి. తీగ కాయ మోసి అలసిపోయి ఉంటుంది. రెండు మూడు వారాలు నీళ్లిచ్చి, ఉన్న ఆకుతోనే కొంచెం బలం పుంజుకోనివ్వాలి. ఈ లోపు ఎరువు పని చేసుకోవచ్చు. మొదలుకు అంటించకుండా, అడుగున్నర, రెండడుగుల దూరంలో చుట్టూ పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి మట్టి కప్పండి. ఇంటి తీగకు రెండు గంపలు చాలు. పచ్చి పేడ వద్దు, ఎండలో వేడికి వేర్లు దెబ్బతింటాయి.

ఎప్పుడు కత్తిరించాలి? ఉగాది అయ్యాక, ఏప్రిల్ మొదటి పదిహేను రోజులు మంచివి. మే దాకా జరిపితే గుత్తి తయారయ్యే రోజులు మృగశిర దాటి మబ్బుల్లో పడతాయి, ఎండ చాలదు. మా అత్తమ్మ అయితే శ్రీరామనవమి పానకం తాగి కత్తెర పట్టాలనేది. ఆ పండుగ కొన్నేళ్లు మార్చి చివర్లో వస్తుంది, అప్పుడు మాత్రం నేను ఒక వారం ఆగుతాను.

కత్తెర పెట్టడం

కత్తిరించేది ఏది, ఉంచేది ఏది అన్నదగ్గరే అందరికీ టెన్షన్. చూసి పోల్చుకోవడం కష్టం కాదు. మొదలూ, దాని నుంచి పందిరి మీద అటూ ఇటూ పరుచుకున్న లావాటి చేతులూ ముదురు బెరడుతో, పొరలు పొరలుగా ఊడుతూ ఉంటాయి. అవి శాశ్వతం, ముట్టుకోవద్దు. వాటి మీద నుంచి లేచిన నున్నటి గోధుమరంగు తీగలు కిందటేడాదివి. ఈ ఏడాది కాయ వాటి మీద నుంచే వచ్చింది. కత్తిరించేది వాటిని. ఒక్కొక్కదాన్ని చేతి దగ్గర ఒకటి, మహా అయితే రెండు కన్నులు ఉంచి మిగతాదంతా తీసేయండి. పని పూర్తయ్యాక పందిరి బోసిపోయి, ఆకాశం మొత్తం కనిపించాలి. మొదటిసారి చూసినవాళ్లకు గుండె గుభేల్మంటుంది. భయపడకండి, ఎండలకు పది పదిహేను రోజుల్లో కన్నులు విచ్చుకుంటాయి.

కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెరతో నలిపితే కొస ఎండి, ఎండు కిందికి పాకుతుంది. కన్నుకు బొటనవేలు మందం పైన, కొంచెం ఏటవాలుగా కోయండి. చనిపోయిన కొమ్మ కనిపిస్తే పచ్చి కలప వచ్చేదాకా రంపంతో తీసేయండి. ఒక చెట్టుకు తెగులు ఉందనిపిస్తే రెండో చెట్టుకు వెళ్లేముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవండి.

కోసిన చోట నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంటే కంగారు పడక్కర్లేదు. వేర్లు పైకి తోస్తున్న నీరే అది, రెండు మూడు రోజుల్లో దానంతటదే ఆగుతుంది. కత్తిరించడానికి రెండు రోజుల ముందు నుంచి నీళ్లు తగ్గిస్తే ఆ కారడమూ తగ్గుతుంది.

మొదటి ఏడాది మొక్కలకు ఇది వర్తించదు. వాటికి ఇంకా మొదలు, చేతులు తయారు కాలేదు. నేరుగా ఒక్క తీగను పందిరి ఎత్తుకు తీసుకెళ్లే పని ముందు పూర్తి చేయండి.

బెరడు, పేస్టు, పురుగు

కత్తిరించిన రోజే లావాటి చేతుల మీద ఊడిపోతున్న బెరడును చేత్తో ఒలిచేయండి. పిండినల్లి దాక్కునేది ఆ పొరల కిందే. పక్కన చీమల బారు కనిపించిందంటే పిండినల్లి ఉన్నట్టే. ఒలిచిన బెరడూ కత్తిరించిన తీగలూ పందిరి కింద వదలకుండా బయటికి తీసేయాలి.

తర్వాత పెద్ద గాయాలకూ, ఒలిచిన చేతులకూ బోర్డో పేస్టు పూస్తాం. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, ఒక లీటరు నీళ్లు. ఆకు లేని ఆ రెండు వారాలు 40 డిగ్రీల ఎండ నేరుగా కొమ్మ మీద పడుతుంది. ఈ పూత తెగులునూ ఆపుతుంది, ఎండ దెబ్బకూ అడ్డుగా ఉంటుంది.

కన్ను ఉబ్బి, ఎర్రటి నూగుతో పగలబోయే ఆ నాలుగైదు రోజులే అసలు కాపలా కాయాల్సినవి. మెరుస్తూ ఉండే చిన్న పెంకు పురుగు ఒకటి వచ్చి కన్ను మధ్యలో తొలిచి తినేస్తుంది. ఆ కన్ను ఇక లేవదు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు అది మందకొడిగా ఉంటుంది. కింద ఒక పళ్లెంలో కిరోసిన్ కలిపిన నీళ్లు పట్టుకుని కొమ్మను తట్టితే రాలి పడుతుంది. ఇంటి తీగకు ఇంతకు మించిన మందు అక్కర్లేదు. తోటలో అయితే ఇద్దరు మనుషులం పొద్దున ఆరింటికే మొదలుపెడతాం.

చిగుర్లు ఏరడం

చిగుర్లన్నీ ఉంచేద్దామనే ఆశ అందరికీ ఉంటుంది. ఎక్కువ తీగలుంటే ఎక్కువ కాయ అనుకుంటాం, ద్రాక్ష విషయంలో అది తిరగబడుతుంది. ఒక దాని నీడ ఇంకొకదాని మీద పడి, ఏ కన్నుకూ చాలినంత ఎండ అందదు. చిగుర్లు అయిదారు ఆకులు వేయగానే జానెడుకు ఒక్కటి చొప్పున బలమైనవి ఉంచి, మిగతావి వేళ్లతో విరిచేయండి. అప్పటికి లేతగా ఉంటాయి కాబట్టి కత్తెర అక్కర్లేదు. బొటనవేలు కన్నా లావుగా, మిగతా అన్నిటినీ మించి పరిగెడుతున్న తీగ కనిపిస్తే అదీ తీసేయండి. అలాంటివాటి కన్నుల్లో గుత్తి తక్కువ. పెన్సిల్ మందం తీగలే నాకు కావాల్సినవి.

తర్వాత కొస గిల్లడం. అనాబ్‌కు పన్నెండు, పదిహేను ఆకులు రాగానే కొస గిల్లేస్తే చాలు. థాంప్సన్ సీడ్‌లెస్ అనే గింజలేని రకం ఉన్నవాళ్లు ఇంకో పని చేయాలి. తీగకు తొమ్మిది పది ఆకులు రాగానే ఏడో ఆకు పైన కత్తిరించాలి. పై కన్ను నుంచి పిల్లతీగ లేస్తుంది, దాన్ని మళ్లీ అయిదు ఆకులకు గిల్లాలి. తీగ పరుగు ఆగి, కత్తిరించిన ముడి చుట్టుపక్కల కన్నుల్లో గుత్తి బాగా కడుతుంది. పక్కల నుంచి వచ్చే మిగతా పిల్లచిగుర్లన్నీ ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉండాలి. ఇది విసుగు పుట్టించే పనే, మేలో ప్రతి వారం ఒక చుట్టు తిరగాల్సిందే. కానీ మిగతా పనుల్లో ఎక్కడైనా సర్దుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మామయ్య నేర్పిన పరీక్ష ఒకటుంది. మిట్టమధ్యాహ్నం పందిరి కింద నిలబడి నేల చూడండి. ఎండ జల్లెడ పట్టినట్టు చుక్కలు చుక్కలుగా పడాలి. నేలంతా నీడైతే ఇంకా తీగలు తీయాలి. పెద్ద పెద్ద ఎండ మడుగులు కనిపిస్తే ఎక్కువ తీసేశారన్నమాట, పక్క తీగల్ని అటు లాగి కట్టండి.

నీళ్లు, ఎరువు

మొదటి నెలా, నలభై రోజులూ తీగ ఆకు వేసే కాలం. నీళ్లు తగ్గించకూడదు, నత్రజని ఇవ్వాలంటే అప్పుడే ఇవ్వాలి. రోజూ కొంచెం కొంచెం పైపైన చల్లడం కంటే వేరు దాకా దిగేలా పోయడం మంచిది. డ్రిప్ ఉంటే సాయంత్రం నుంచి వదలండి. పాదులో ఎండు గడ్డి, కొబ్బరాకులు, ఎండుటాకులు, ఏదుంటే అది నాలుగు వేళ్ల మందాన పరిస్తే రోహిణి కార్తెలో కూడా మట్టి చల్లగా ఉంటుంది.

నలభై రోజులు దాటాక నత్రజని పూర్తిగా ఆపేయండి. నీళ్లు సగానికి తగ్గించండి. రోళ్లు పగిలే ఎండల్లో నీళ్లు తగ్గించమంటే చాలామంది జాలిపడి ఒప్పుకోరు. తీగ వాడిపోవాలని కాదు, కొత్త ఆకు వేసే జోరు తగ్గాలి, కొస నిలబడాలి. అప్పుడే తిండి కన్నులోకి మళ్లుతుంది. ఆకు మధ్యాహ్నం కొంచెం వాలి సాయంత్రానికి నిలబడితే పర్వాలేదు, పొద్దున్నే వాలి ఉంటే మాత్రం నీళ్లు చాలట్లేదు. ఈ రోజుల్లో భాస్వరం ఇస్తాం. రెండు నెలలు దాటాక, కాడ ముదరడానికి పొటాష్ ఇస్తాం, అదీ సల్ఫేట్ రూపంలో ఉన్నది. మామూలు ఎర్ర పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది, ద్రాక్షకు అది పడదు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి బోరు నీళ్ల గురించి. హైదరాబాద్‌లో లోతు బోర్ల నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి. ఆకు అంచు మాత్రమే గోధుమరంగులో మాడుతూ లోపలికి వస్తుంటే అది తెగులు కాదు, ఉప్పు. మందులు కొట్టి డబ్బు పోగొట్టుకోకండి. వారానికి ఒకసారైనా నల్లా నీళ్లు గట్టిగా పారించి ఉప్పును కిందికి దింపండి. కొత్తగా మొక్క పెట్టేవాళ్లయితే డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటు కట్టినదే తెచ్చుకోండి. ఆ వేరు ఉప్పునూ నీటి ఎద్దడినీ బాగా తట్టుకుంటుంది. మా చెనిన్ మొక్కలన్నీ దాని మీదే ఉన్నాయి.

మబ్బు పట్టిన రోజున

ఏప్రిల్, మే నెలల్లో మనకు ఉన్నట్టుండి గాలిదుమారం లేచి వడగళ్లు పడతాయి. చిరిగిన చిగుర్లు అదే రోజు తీసేసి, మర్నాడు పొద్దున బోర్డో మిశ్రమం కొట్టండి. గాయం తెరిచి ఉంటే మచ్చ తెగులు అక్కడి నుంచే లోపలికి దిగుతుంది.

ఒక శాతం బోర్డో ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరుకు 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. రెండూ వేర్వేరుగా, సగం సగం నీళ్లలో, ప్లాస్టిక్ బకెట్లలో కరిగించాలి. ఇనుప పాత్ర వద్దు. సున్నం నీళ్లను వడకట్టి, కర్రతో కలుపుతూ మైలుతుత్తం నీళ్లను అందులోకి సన్నధారగా పోయాలి. లేత నీలం రంగులో చిక్కగా తయారవుతుంది. ఇప్పుడు తుప్పు గీకేసిన మామూలు ఇనుప చాకు ఒకటి నిమిషం సేపు ముంచి తీయండి. చాకు మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే ఇంకా సున్నం పట్టాలి, లేకపోతే ఆకు మాడుతుంది. పూత పోయేదాకా కొంచెం కొంచెం సున్నపు నీళ్లు కలపండి. చేసిన రోజే వాడేయాలి, మర్నాటికి పనిచేయదు. మరీ లేత చిగుర్లుంటే మందు పాళ్లు సగానికి తగ్గించండి.

ఈ మందు పుట్టిందే వైన్ ద్రాక్ష తోటల్లో. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో రోడ్డు పక్క కాయలను జనం కోసుకుపోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. ఆ వరుసల్లో మాత్రం బూజు తెగులు లేదని మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి, 1885లో ఈ మిశ్రమాన్ని లోకానికి చెప్పాడు. నూట నలభై ఏళ్లయినా మా అనాబ్‌ను మృగశిర వానల నుంచి కాపాడేది అదే. అనాబ్‌కు బూజు తెగులంటే అసలు తట్టుకునే శక్తి లేదు. ఆకు పైన నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చ, దాన్ని తిప్పి చూస్తే కింద తెల్లటి బూజు: జూన్‌లో తొలకరి పడ్డ మర్నాటి నుంచి ప్రతి పొద్దునా ఇది వెతకండి. మొదటి మచ్చ దగ్గర పట్టుకుంటే ఆ ఆకులు తుంచి, బోర్డో కొడితే ఆగుతుంది. వారం ఆలస్యమైతే ఆకంతా రాలిపోతుంది, ఆకు లేని తీగ ముదరదు.

బూడిద తెగులు వేరు, ఆకుకు పైనా కిందా బూడిద చల్లినట్టుంటుంది. దానికి నీటిలో కరిగే గంధకం వాడతాం. కానీ మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం కొడితే ఆకు మాడిపోతుంది, కాబట్టి మే నెలంతా దాని జోలికి పోకండి. లేత ఆకులు ముడుచుకుంటుంటే తామర పురుగులు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

వైన్ ద్రాక్ష సంగతి

చెనిన్ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నాసిక్‌లో సులా వంటి వైన్ కంపెనీల తోటల వల్ల చెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్ పేర్లు మన ఊళ్లోనూ వినిపిస్తున్నాయి. తినే ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ ఎండాకాలపు పనిలో తేడా లేదు, చూసే లెక్కలో ఉంది.

వైన్‌లో లీటరు రసంలోని సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది. అనాబ్ పండితే 14 నుంచి 16 బ్రిక్స్ (రసంలో చక్కెర ఎంత శాతమో చెప్పే కొలత) దగ్గర ఆగుతుంది, అంటే తొమ్మిది శాతానికి మించదు. పైగా కాయ పెద్దది, రసం పల్చన. నోటికి హాయిగా ఉండే గుణమే వైన్‌కు లోటు. చెనిన్ కాయ చిన్నది, గుత్తి బిగువు, 22 బ్రిక్స్ దాకా తేలిగ్గా వెళ్తుంది. వైట్ వైన్‌కు చక్కెర ఎంత ముఖ్యమో పులుపూ అంతే ముఖ్యం. రాత్రులు వేడిగా ఉంటే కాయలోని పులుపును తీగే ఖర్చు చేసేస్తుంది. అందుకే జనవరి చలి రాత్రుల్లో పులుపు నిలుపుకుంటూ పండాలి, మార్చి ఎండలు ముదరకముందే కోతకు రావాలి. వేడిలోనూ పులుపు వదలని రకం కాబట్టే మా అబ్బాయి చెనిన్‌ను ఎంచుకున్నాడు. దక్షిణాఫ్రికాలో తెల్లద్రాక్షల్లో అన్నిటికంటే ఎక్కువగా వేసేదీ ఇదే.

ఇక్కడే ఏప్రిల్ కత్తెర విలువ తెలుస్తుంది. ఏప్రిల్‌లో ఆలస్యం చేస్తే కాడ ఆలస్యంగా ముదురుతుంది, అక్టోబర్ కత్తిరింపు వెనక్కి జరుగుతుంది, కాయ పండటం ఎండల్లో పడుతుంది. అప్పుడు చక్కెర వస్తుంది, పులుపు ఉండదు. తినే ద్రాక్షకు అది పెద్ద నష్టం కాదు, వైన్‌కు పనికిరాదు. మా చెనిన్ రసం నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకే నాలుక అంచుల మీద పచ్చి జామకాయ పులుపు తగులుతుంది. ఆ పులుపు కోసమే ఏటా క్యాలెండర్ చూసి కత్తెర పడతాం.

వైన్ చేయడం మాత్రం మేం మొదలుపెట్టలేదు. మన రాష్ట్రంలో అబ్కారీ శాఖ లైసెన్సు లేకుండా చేయకూడదు, ఇంట్లో జాడీలో చేసేద్దామనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోవద్దు. తీగ వయసుకు వచ్చి, నాలుగేళ్లు వరసగా ఒకే రుచి ఇచ్చాక ఆ అడుగు వేద్దామని అబ్బాయి ఆలోచన. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఆగస్టులో ఒక పరీక్ష

ఎండాకాలపు పని ఫలించిందో లేదో ఆగస్టు చివరికి తెలుస్తుంది. తీగ పచ్చదనం పోయి, కింద నుంచి కొసవైపు గోధుమరంగు పాకుతూ రావాలి. పనికిరాని తీగ ఒకటి కత్తిరించి అడ్డంగా చూడండి. మధ్యలో బెండు సన్నగా గోధుమరంగులో, చుట్టూ కలప గట్టిగా ఉంటే ముదిరినట్టు. బెండు తెల్లగా, వెడల్పుగా ఉంటే ఇంకా పచ్చిదే, దానికి పొటాష్ ఇచ్చి కొసలన్నీ గిల్లేయండి. తర్వాత కన్ను చూడండి. గుండ్రంగా ఉబ్బి ఉన్నది మంచిది, సన్నగా మొనదేలి తీగకు అతుక్కున్నదాంట్లో చాలాసార్లు ఆకే ఉంటుంది. పెద్ద తోటల వాళ్లు కన్నులు కోయించి మైక్రోస్కోప్ కింద చూపించుకుని, ఎన్నో కన్ను దగ్గర కత్తిరించాలో తేల్చుకుంటారు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది, మీ తీగ ముక్క, తెగులు తగిలిన ఆకు పట్టుకుని వెళ్లి అడగడానికి మొహమాటపడకండి.

అక్టోబర్ కత్తిరింపు గురించి విడిగా చెప్పాల్సింది చాలా ఉంది. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. అప్పుడు చలి మొదలవుతుంది కాబట్టి కన్నులన్నీ ఒకేసారి లేవడానికి తోటల్లో హైడ్రోజన్ సైనమైడ్ అనే మందు పూస్తారు. ఏప్రిల్‌లో వేడే ఆ పని చేస్తుంది, ఎవరైనా ఎండాకాలంలో కూడా పూయమని చెబితే వినకండి. ఇంటి తీగకు ఎప్పుడూ వద్దు. అది ఒంటికి తగిలితే విషం, మద్యంతో కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. మా తోటలో దాన్ని పూసేవాళ్లకు గ్లౌజులు, కళ్లద్దాలు ఇచ్చి, పూసే ముందు రోజు నుంచి ఆ తర్వాత వారం దాకా కల్లు గానీ మందు గానీ ముట్టనని మాటిచ్చినవాళ్లనే ఆ పనిలోకి తీసుకుంటాం.